బుధవారం అయిదున్నర బల్లకట్టు

బుధవారం నాడు అన్నెగ్రెట్ తను పనిచేసే సాసేజ్ దుకాణం నుంచి నాలుగున్నరకే ఇంటికి వచ్చేసేది. మంగళవారం పందిని కోస్తారు, బుధవారం పొద్దున్నకి దాని నెత్తురుతో తాజా నల్ల సాసేజ్ తయారవుతుంది, సాయంత్రానికి క్రాన్‌వెర్ట్ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఒకటే వంట. ఆపిల్, బంగాళాదుంప, ఉల్లిపాయ, నల్ల సాసేజ్, అన్నీ ఒకే మూకుట్లో. చెట్టుమీది ఆపిల్ ఆకాశం, మట్టిలోని దుంప భూమి. అందుకని ఆ వంటకి ఆకాశమూ భూమీ అని పేరు. మధ్యలో సాసేజ్ ఏ లోకానికి చెందుతుందో ఎవరూ చెప్పలేదు. రుచి మాత్రం దానిదే.

అన్నెగ్రెట్ కోటు కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని, స్టవ్వు మీద వాళ్లమ్మ ఇనప మూకుడు పెట్టేది. పంది కొవ్వు కరిగాక ఉల్లిపాయలు వేసేది. అవి ఎర్రబడితే ఒక పక్కకి నెట్టి, ముందురోజు ఉడికించి పెట్టుకున్న దుంపల బిళ్లలు పరిచేది. తర్వాత పిండిలో దొర్లించిన సాసేజ్ ముక్కలు. అన్నిటికన్నా ఆఖరున పుల్లటి ఆపిల్ ముక్కలు, వాటి మీద చెంచాడు నల్లటి ఆపిల్ పాకం, చిటికెడు ఉప్పు. ఇదంతా ఆమె చెవులతో చేసేది. ఉల్లిపాయ నీరు ఇగిరేటప్పుడు ఒక చప్పుడు, దుంప అడుగు పట్టేటప్పుడు ఒక చప్పుడు. ముక్కుతో చేసే పని చెవులకి అప్పజెప్పి రెండేళ్లయింది.

మా ఊళ్లో వంట వాసన గాలివాటున పోదు. వండేవాళ్ల మనసులో ఎవరుంటే వాళ్లింటికి పోతుంది. మూకుట్లో ఆఖరి దినుసు పడగానే బయలుదేరి, మెట్లు దిగి, వీధి దాటి, ఆ మనిషి గుమ్మం ముందు ఆగుతుంది. పెష్ ముసలావిడ ఆదివారం మాంసం పులుసు నేరుగా స్మశానానికి వెళ్తుంది. మందుల షాపాయన భార్య వేయించిన చేప రెండేళ్లపాటు సంగీతం మాస్టారి మెట్లెక్కింది. వీధి వీధంతా పీల్చింది. ఒక్కరు నోరెత్తితే ఒట్టు. ఆ షాపాయనే స్వయంగా తలుపు తీసి పట్టుకుని దానికి దారిచ్చేవాడు. ఎందుకంటే ఇంకొకరి గుమ్మం ముందు ఆగిన వాసన గురించి మాట్లాడటం మాకు మహా తప్పు. ఇంకొకరి ఉత్తరం చింపి చదవటం కన్నా సిగ్గుమాలిన పని. మాటలు వచ్చీరాని పిల్లలకి కూడా మొట్టమొదట నేర్పేది అదే.

ఇంకో సంగతి. వాసన తనంత తాను నీళ్లు దాటలేదు. రైన్ నది అవతలి ఒడ్డుకి పోవాలంటే అందరిలాగే బల్లకట్టు ఎక్కాలి. అందుకని బల్లకట్టు మీద ఎంత జనం ఉన్నా బెంచీ చివర కాస్త చోటు వదిలి కూర్చుంటాం. అవతలి ఒడ్డుని మేము మెల్లకన్ను ఒడ్డు అని వెక్కిరిస్తాం గానీ, వాళ్ల వాసనలకీ చోటిస్తాం.

ఆ మెల్లకన్ను ఒడ్డున అన్నెగ్రెట్ అక్క ఉంటుంది. పేరు రోస్విత. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుని పదకొండేళ్లయింది. గొడవ ఈ మూకుడు దగ్గరే వచ్చింది.

వాళ్లమ్మ పోయిన రోజున, మట్టి చేసి వచ్చి, వచ్చిన వాళ్లందరికీ కాఫీలూ కేకులూ అయ్యాక, రోస్విత వంటింట్లో గిన్నెలు తోమింది. దుఃఖంలో ఆమె చేతులు ఊరుకోవు. కప్పులయ్యాయి, పళ్లేలయ్యాయి, ఇంకా ఏడుపు ఆగలేదు. స్టవ్వు మీదున్న అమ్మ మూకుడు తీసి సబ్బు పోసి ఇనప పీచుతో రుద్దింది. యాభై ఏళ్లు కొవ్వు తాగి, నిగనిగలాడే నల్లటి మూకుడు సాయంత్రానికి బూడిదరంగు ఇనుము అయిపోయింది. ఇనప మూకుడికి సబ్బు తగలకూడదని అక్కకి తెలియదా? తెలుసు. ఆ రోజు తెలియలేదు, అంతే. అన్నెగ్రెట్ లోపలికి వచ్చి దాన్ని చూసి, బంధువులందరూ వినేలా అంది.

"అమ్మని కడిగి పారబోశావు."

రోస్విత చేతులు తుడుచుకుని, టోపీ పెట్టుకుని, బల్లకట్టు ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఈ ఒడ్డున కాలు పెట్టలేదు. కానీ మరుసటి బుధవారం సాయంత్రం, ఆరు కావటానికి పదిహేను నిమిషాలుందనగా, అన్నెగ్రెట్ కిటికీ ముందుకి ఆపిల్, ఉల్లిపాయ, నల్ల సాసేజ్ కలిసిన వాసన వచ్చి ఆగింది. అమ్మ చేతి పద్ధతి. ఇంకెవరిదో అనుకోవటానికి వీల్లేదు. అన్నెగ్రెట్ దాని మొహం మీదే కిటికీ వేసేసింది.

ఆ పై బుధవారం మళ్లీ వచ్చింది. ఆ పైది కూడా. ఉల్లిపాయలు వేగేదాకా కిటికీ తెరిచి ఉంచి, ఆపిల్ ముక్కలు పడబోయే ముందు అన్నెగ్రెట్ దాన్ని మూసేది. అక్క వాసన లోపలికి రాకుండా, తన వాసన బయటికి పోకుండా. మనసులో ఎవరున్నారో బయటపడిపోతుందని ఆమె భయం. తన వంట వాసన దారి లేక అద్దానికి కొట్టుకుని, తెరల్లో ఇంకి, వారమంతా ఇంట్లోనే ఉండిపోయేది. నిజం చెప్పాలంటే బుధవారం కోసం ఆమె ఎదురుచూసేది. మొహం మీద కిటికీ వేయటానికైనా ఎవరో ఒకరు వస్తున్నారు కదా. ఆ ఇంటికి ఇంకెవరూ వచ్చేవాళ్లు కాదు.

రెండేళ్ల కిందట చలికాలంలో జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది, ముక్కు మాత్రం పోయింది. కాఫీ వాసన లేదు, సబ్బు వాసన లేదు, వాన వాసన లేదు. తిరిగి వస్తుందని డాక్టరు అన్నాడు, రాలేదు. ఈ సంగతి అన్నెగ్రెట్ ఎవరికీ చెప్పలేదు. సాసేజ్ దుకాణంలో ముప్ఫై ఏళ్లుగా మసాలా వాసన చూసి సరిపోయిందో లేదో చెప్పేది ఆమే. యజమాని టేయో గిన్నె ముందుకి చాపితే, వాసన చూసినట్టు నటించి, "మరువం కాస్త తక్కువైంది" అనేది. అతను ఇంకో గుప్పెడు వేసేవాడు. రెండేళ్లుగా ఊరంతా మరువం ముద్ద తింటోంది. మొహమాటస్తులు, ఎవరూ ఏమీ అనలేదు.

దాని కన్నా పెద్ద కష్టం బుధవారం సాయంత్రాలది. అక్క వాసన వస్తోందో, మానేసిందో తెలియటం లేదు. వేళయ్యేసరికి కిటికీ రెక్క మీద చెయ్యి వేసి నిలబడేది. బయట ఎవరైనా ఆగి ఉన్నారా? ఎవరూ లేరా? తెలిసిన వాళ్లు ఊరినిండా ఉన్నారు. చెప్పే వాళ్లు ఒక్కరూ లేరు. కాసేపు అలా నిలబడి, అలవాటు కొద్దీ మూసేసేది.

ఇలా ఉండగా అక్టోబరులో ఒక సోమవారం, పెష్ ముసలావిడ దుకాణానికి వచ్చి, కొనాల్సినవి కొని, సంచీ సర్దుకుంటూ అసలు కబురు చెప్పింది. రోస్విత ఇల్లు అమ్మేసిందట. భర్త పోయాక ఒక్కతే ఉండలేకపోతోందట. శనివారం లారీ వస్తుందట. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఆడపడుచు ఇంటి పక్కన గది తీసుకుందట. చెప్పేసి ఆవిడ అన్నెగ్రెట్ మొహం చూడకుండా వెళ్లిపోయింది.

అన్నెగ్రెట్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. సముద్రం ఒడ్డు నుంచి ఇక్కడికి ఏ బల్లకట్టూ రాదు. శనివారం దాటితే అంతే. అక్క మనసులో తను ఇంకా ఉంటే, మూకుడు చంకన పెట్టుకుని పరుగెత్తుకు వెళ్తుంది, కాళ్ల మీద పడమన్నా పడుతుంది. లేకపోతే? పదకొండేళ్లు కిటికీ వేయించుకుని వేయించుకుని, విసిగి, ఎప్పుడో మానేసి ఉంటే? అప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లటం? పిలవని ఇంటి గుమ్మంలో మూకుడుతో నిలబడే మనిషి కన్నా దిక్కులేని వాళ్లు ఉండరని ఆమెకి అనిపించింది. తెలుసుకోవాలి. ఎవర్నైనా అడగాలి. ఈ ఊళ్లో అది అడగకూడని మాట.

మంగళవారం మధ్యాహ్నం లూట్గర్ వచ్చాడు. బల్లకట్టు నడిపే మనిషి. పెళ్లి కాలేదు, అరవై దాటాయి. రోజూ ఒంటి గంటకి వచ్చి కాలేయం సాసేజ్ పెట్టిన బన్ను ఒకటి తీసుకుని, నిలబడే తిని వెళ్తాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఎవరి వాసన ఎక్కుతుందో, ఎవరిది దిగుతుందో అతనికి తెలియనిది లేదు. తండ్రీ తాతా కూడా ఆ పనే చేశారు. ముగ్గురూ నోరు మెదపకుండానే బతికారు.

అన్నెగ్రెట్ బన్ను కాగితంలో చుట్టి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"లూట్గర్ గారూ, బుధవారాలు మీ బల్లకట్టు మీద..."

"అడక్కండి," అన్నాడతను. కోపంగా కాదు. "మా అమ్మ అడిగితేనే నేను చెప్పలేదు."

"నాకు ముక్కు పోయింది. రెండేళ్లయింది."

వెనక టేయో కత్తి ఆగింది. ఆ మాట ఆమె పైకి అనటం అదే మొదటిసారి. టేయో కత్తి కింద పెట్టి ముందుకి వచ్చాడు.

"మరి మరువం సంగతి?"

"నోటికొచ్చింది చెప్పేదాన్ని."

టేయో చేతులు తుడుచుకున్నాడు. "అందుకా," అన్నాడు. "పాపం, తింటూనే ఉన్నారు జనం." ఇంకేమీ అనకుండా మళ్లీ కత్తి తీసుకున్నాడు. ఆ మంచితనానికి అన్నెగ్రెట్‌కి కళ్లనీళ్లు తిరిగాయి.

లూట్గర్ బన్ను అందుకున్నాడు. తినలేదు. గోడ గడియారం వంక చూశాడు, తన చేతి గడియారం వంక చూశాడు, రెండూ ఒకటే టైము చూపిస్తున్నాయని రూఢి చేసుకున్నట్టు తల పంకించాడు. తర్వాత, బల్లకట్టు ఆలస్యంగా నడుస్తుందని జనం ఏటా తన మీద అర్జీలు పెడుతున్న సంగతి ఎత్తాడు. అన్నెగ్రెట్‌కి అది తెలుసు. మా వాళ్లు పెళ్లికి ఆలస్యమైనా క్షమిస్తారు గానీ బల్లకట్టుకి క్షమించరు.

"ఏ రోజు ఆలస్యమవుతుందో మీరెప్పుడైనా చూశారా?" అన్నాడు లూట్గర్.

"లేదు."

"మీ వంటింటి కిటికీలోంచి అవతలి రేవు కనపడుతుంది కదా. రేపు చూడండి. గడియారం చూడటం తప్పని ఈ ఊళ్లో ఎవరూ అనరు."

బుధవారం అన్నెగ్రెట్ నాలుగింటికే వచ్చేసింది. ఉల్లిపాయలు తరిగింది, దుంపలు పరిచింది, సాసేజ్ ముక్కలు తిప్పింది. ఆపిల్ ముక్కలు పళ్లెంలో సిద్ధంగా పెట్టుకుని, ఎన్నడూ లేనిది, స్టవ్వుకి వీపు తిప్పి కిటికీ దగ్గర నిలబడింది. అవతలి రేవులో బల్లకట్టు ఆగి ఉంది. రెండు కార్లు ఎక్కాయి, సైకిలు పట్టుకున్న ఒకామె ఎక్కింది, బెంచీ నిండింది. చర్చి గంట అయిదున్నర కొట్టింది.

బల్లకట్టు కదల్లేదు.

ఎక్కాల్సిన వాళ్లు ఎవరూ లేరు. రేవు ఖాళీ. జనం ఎక్కటానికి దించిన పలక దించినట్టే ఉంది. ఒక నిమిషం. కారులోని మనిషి తల బయటపెట్టి ఏదో అన్నాడు. రెండు. లూట్గర్ బల్లకట్టు నడిపే గదిలో చేతులు కట్టుకుని, రేవు పక్కనే ఉన్న ఎర్ర పెంకుల ఇంటి వంక చూస్తున్నాడు. అది రోస్విత ఇల్లు. మూడు. అక్క ఎప్పుడూ అంతే, ఆపిల్ ముక్కలు సన్నగా తరిగి తరిగి చావగొడుతుంది. అమ్మ కూడా తిట్టేది. నాలుగో నిమిషం కాబోతుండగా సైకిలామె సైకిలు ఒక పక్కకి జరిపి దారిచ్చింది. బెంచీ చివరి మనిషి కాస్త ఒదిగి కూర్చున్నాడు. పలక పైకి లేచింది.

అన్నెగ్రెట్ కిటికీ చట్రం పట్టుకుని ఏడ్చింది. ప్రతి బుధవారం. ఊరు ఊరంతా గడియారాలు చూసుకుని తిట్టుకున్న ప్రతి బుధవారం. నాలుగు నిమిషాల చొప్పున అక్క ఆమె దగ్గరికి వస్తూనే ఉంది.

గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తి ఆపిల్ ముక్కలు మూకుట్లో వేసింది, పాకం పోసింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. ఈసారి మనసుని ఆపలేదు. అక్కని తలుచుకుంది. ఏడుస్తూ మూకుడు తోముతున్న అక్కని, టోపీ వంకరగా పెట్టుకుని మెట్లు దిగుతున్న అక్కని. అలా తలుచుకుంటూ నిలబడిపోయింది. మూకుట్లో చప్పుడు మారి, తర్వాత ఆగిపోయి, సన్నగా పొగ లేచేదాకా తెలియలేదు. నదివైపు నుంచి గాలి ఇంట్లోకి కొడుతోంది, తెర మాత్రం గాలికి ఎదురు బయటికి ఎగిరింది. కింద వీధిలో ఉత్తరాలామె సైకిలు దిగి, గోడకి అతుక్కుని, దేనికో దారిచ్చింది. తర్వాత మర్యాదగా తల దించుకుంది.

అన్నెగ్రెట్ స్టవ్వు ఆర్పి, మూకుడికి రెండు తువ్వాళ్లు చుట్టి, కోటు కూడా వేసుకోకుండా రేవుకి దిగింది.

బల్లకట్టు ఈ ఒడ్డుకి ఆనింది. దిగాల్సిన వాళ్లు దిగలేదు. రెండు వరసలుగా చీలి, మధ్యలో ఖాళీ వదిలి నిలబడ్డారు. వాళ్ల కళ్లు ఆ ఖాళీ వెంట మెల్లగా కదిలి, పలక దాటి, అన్నెగ్రెట్ దాకా వచ్చి ఆగాయి. అప్పుడు అందరూ ఒక్కసారి తలలు వంచుకున్నారు. లూట్గర్ టోపీ తీశాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆ వాసన తన మనిషిని చేరింది. అన్నెగ్రెట్‌కి ఏమీ తెలియలేదు, చల్లగాలి తప్ప. అయినా ఊపిరి పీల్చుకుంది, గుండె నిండా.

ఆమె ఎక్కింది. తిరుగు ప్రయాణంలో జనం ఎక్కువే ఉన్నారు, సంచులతో, పిల్లలతో. బెంచీ మీద పక్కపక్కనే రెండు చోట్లు ఖాళీగా వదిలేశారు, అక్క వాసనకొకటి, చెల్లెలి వాసనకొకటి. మోకాలు నొప్పి ముసలాయన కూడా కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. అన్నెగ్రెట్ మూకుడు పట్టుకుని వాళ్ల మధ్యే నిలబడి, నది దాటేదాకా ఆ రెండు చోట్లనీ చూస్తూ ఉంది.

రోస్విత గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. వెనక గదినిండా కట్టిన పెట్టెలు. ఆమె చెల్లెల్ని చూసి, గాలి పీల్చి, మొహం చిట్లించింది.

"ఆపిల్ మాడ్చావు."

"తెలీలేదక్కా. నాకు ముక్కు పోయింది."

"ఎప్పుడు?"

"రెండేళ్లయింది."

రోస్విత గుమ్మం పట్టుకుంది. "అయితే ఈ రెండేళ్లూ..."

"తొమ్మిదేళ్లు తెలిసి మూశాను," అంది అన్నెగ్రెట్. "రెండేళ్లు తెలియక మూశాను. అమ్మని కడిగేశావన్నాను. అది నేను అనకూడని మాట."

రోస్విత తువ్వాళ్లు విప్పి మూకుడు చూసింది. అంచు మీద వేలు పెట్టి రాసింది. పదకొండేళ్ల బుధవారాలు తాగి అది మళ్లీ నల్లబడింది, నున్నగా, అమ్మ రోజుల్లో ఉన్నట్టే.

"నల్లబడిందే," అంది నెమ్మదిగా. అప్పుడు ఏడ్చింది. "లోపలికి రా, చల్లారిపోతుంది."

పళ్లేలన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. రెండు ఫోర్కులు మాత్రం దొరికాయి. పెట్టె మీద మూకుడు పెట్టుకుని, చెరోవైపు కూర్చుని, రోస్విత వండినదాన్ని కూడా అందులోనే కలుపుకుని తిన్నారు. కాసేపటికి అన్నెగ్రెట్, వాసన ఎలా ఉందో చెప్పమంది. రోస్విత కళ్లు మూసుకుంది.

"ఆపిల్ మాడింది. ఉల్లిపాయ బాగా వేగింది. మరువం మరీ ఎక్కువ, ఆ టేయోకి బుద్ధి లేదు." మళ్లీ గాలి పీల్చింది. "అడుగున అమ్మ వంటిల్లు."

శనివారం లారీ వచ్చింది. ఉత్తరాదికి దారి అడిగిన డ్రైవరుకి రోస్విత రేవు చూపించింది. అతను అయోమయంగా లారీని బల్లకట్టు ఎక్కించాడు. పెట్టెలు మా ఒడ్డున దిగాయి. ఇల్లు ఎలాగూ అమ్మేసింది, అన్నెగ్రెట్ ఇంట్లో రెండో గది ఎలాగూ ఖాళీ. మెల్లకన్ను ఒడ్డు నుంచి వచ్చిన మనిషని ఇప్పుడు మేం ఆవిణ్ణి ఏడిపిస్తూ ఉంటాం. మంగళవారాలు దుకాణానికి వచ్చి మసాలా వాసన చూసేది ఆవిడే. సాసేజ్ మళ్లీ తినేలా ఉంది.

బుధవారం అయిదున్నర బల్లకట్టు ఇప్పుడు గంట కొట్టగానే కదులుతోంది. నాలుగు నిమిషాలు ఆగుతుందని ఏళ్ల తరబడి అలవాటు పడినవాళ్లు తీరిగ్గా వచ్చి, నది మధ్యలో దాన్ని చూసి, రేవులో నిలబడి లూట్గర్‌ని తిడుతుంటారు. టైముకి ఎందుకు వెళ్తున్నాడని మాత్రం ఎవరూ అడగరు.